రంపము బరువు తగ్గిన కథ

కృష్ణ సముద్రమున కలియు చోట కాపురముండువారికి గాలి యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఏ యింటి పెద్దలనడిగినను తమ వయస్సును తుపానులతో లెక్కించి చెప్పుదురు. ఫలానా తుపానునాటికి పెండ్లియైనది, ఫలానా తుపానునాటికి పెద్దవాడు చంకలో నుండెను అని వారి లెక్క. నీరెంత వచ్చినది, ఎవరెవరు పోయిరి అను మాటలును ఆ లెక్కలలో వినవచ్చును. కాని గాలి తగ్గిన మరునాటి ప్రొద్దున త్రోవకడ్డముగ పడియున్న చెట్టును ఎవరు కోసిరి, దేనితో కోసిరి అను మాట మాత్రము వినరాదు. చరిత్రకారులును ఆ చెట్టును ప్రక్కగా దాటిపోయిరి. ఈ పూట నేను ఆ చెట్టును గూర్చియు, దానిని కోయు రంపమును గూర్చియు, ముఖ్యముగ ఆ రంపము ఎంత బరువుండవలెనను ప్రశ్నను గూర్చియు ముచ్చటింపదలచితిని. ఇదేమి విషయమని శ్రోతలు నవ్వవచ్చును. నవ్వి వినుడు.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయిరి. డచ్చివారి కాలమునుండి ఓడల రాకపోకలతో వన్నెకెక్కిన ఆ రేవు అటుపిమ్మట పూర్వపు కళను మరల చూడలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై వచ్చిన కెరటము ఇంచుమించు 16 అడుగుల ఎత్తుండెను. నాగాయలంక, కోడూరు, సొర్లగొంది, హంసలదీవి మున్నగు గ్రామములలో బ్రదికినవారిని లెక్కించుటయే సులభమయ్యెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే మృతులు 10,000కు చేరిరి. పులిగడ్డ దగ్గర నిలిపిన స్మారకము ఆ దినమును ఇప్పటికిని చెప్పుచున్నది. 1990 మే 9న మరల అంతటి గాలియే వచ్చెను. ముందుగా హెచ్చరించి, లక్షలాది జనమును తరలించుటచేత ప్రాణనష్టము వేయిలోపల నిలిచెను.

నీరు తీసిన తరువాత మిగులునది బురద, దానిపై చెట్లు. మన డెల్టా నల్లరేగడి తడిసిన పిదప వ్రేళ్ళను పట్టి యుంచలేదు. రోడ్ల వెంబడి నీడకై పెంచిన నిద్రగన్నేరులు, వేపలు, తుమ్మలు కూకటివ్రేళ్ళతో లేచి అడ్డముగ పడును. కొబ్బరి నడిమికి విరుగును. తాడి మాత్రము చాలవరకు మొండిగ నిలుచును. పడినచో కాలువ కడ్డముగనో, ఇంటిమీదనో పడును. బియ్యము బండి, వైద్యుడు, మంచినీరు, అన్నియు ఆ మ్రానుల కీవలి వైపుననే ఆగిపోవును. అవతలి వైపున జనము వేచియుందురు. ఒక గంట యాలస్యమునకు వెల యేమో అట్టి దినములలో తెలియును.

1977లో నేను గుడివాడలో బడికి పోవు బాలుడను. మా వీధిలో పడిన ముసలి వేపను ఒక కట్టెలు కొట్టు తాత రెండు దినములు కొట్టెను. అతనికి రెండు గొడ్డళ్ళుండెను. బరువుదానితో మొదలు, తేలికదానితో కొమ్మలు. పిల్లలము చుట్టు చేరి, పెద్ద గొడ్డలితోనే అంతయు కొట్టరాదా యని అడిగితిమి. "బరువు గొడ్డలి పొద్దున్న బాగానే ఉంటుంది బాబూ, సాయంత్రం దాన్ని ఎత్తేది కూడా నేనే గదా" అని అతడు నవ్వెను. ఆ మాటలోని శాస్త్రము నాకు ముప్పదియేండ్లు దాటినగాని బోధపడలేదు. ఎట్లు బోధపడినదో ముందు చెప్పుదును.

అంతకు పూర్వము మనవారి కోత ఎట్లుండెడిది? నరసాపురపు రేవున పదునేడవ శతాబ్దిలో ఆంగ్లేయులును డచ్చివారును ఓడలు కట్టించుకొనిరి. దూలములను పలకలుగా చీల్చుటకు గుంటపై మ్రానునుంచి, ఒకడు పైన నిలిచి, ఒకడు గుంటలో దిగి, నిలువు రంపమును లాగుట పాతకాలపు పద్ధతి. క్రిందివాని కన్నులలో పొట్టు రాలుచుండును. పైవాడు గీత తప్పకుండ చూచుచుండును. అడ్డకోతకు ఇద్దరు చెరియొక కొసను పట్టి లాగు పొడవు రంపము. ఈ పనిముట్ల బరువును ఇద్దరు పంచుకొనుచుండిరి. అలసినవాడు ఆగినచో రంపమును ఆగును. ఇది చిన్న సంగతి కాదు. పిమ్మట వచ్చిన యంత్రము, మనిషి యలసినను తానాగదు.

గొలుసు రంపమును మన బజారులలో "చెట్లు కోసే మిషను" అందురు. దీని పుట్టుక కట్టెల అడితిలో గాదు, వైద్యశాలలో జరిగినదనిన ఆశ్చర్యము కలుగవచ్చును. పదునెనిమిదవ శతాబ్ది చివర స్కాట్లండులో జాన్ ఎయిట్కెన్, జేమ్స్ జెఫ్రే అను వైద్యులు కష్టప్రసవములందు ఎముకను కోయుటకు పళ్ళుగల సన్నని గొలుసును ఉపయోగించిరి. రెండు చేతులతో అటునిటు లాగెడి చిన్న పనిముట్టది. 1830 ప్రాంతమున జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె అను నాతడు దానికి పట్టీయు, త్రిప్పుటకు పిడియు నమర్చెను. అరచేతిలో నిముడు ఆ వస్తువును చెట్టుమీదికి తెచ్చుసరికి అది ఏనుగైనది. 1926లో ఆండ్రెయాస్ స్టీల్ జర్మనీలో చేసిన విద్యుత్తు రంపము 60 కిలోలకు పైబడి తూగెను. మరుసటి యేట ఎమిల్ లెర్ప్ అను నాతడు తూరింగియాలోని డోల్మార్ కొండపై పరీక్షించిన పెట్రోలు రంపమును ఇంచుమించు అంతటిదే. ఇద్దరు బలిష్ఠులు మోయవలసినదే. 1929లో స్టీల్ పెట్రోలు రంపము 46 కిలోలకు దిగెను.

అచ్చటినుండి ఈ యంత్రపు చరిత్ర అంతయు బరువు దిగిన చరిత్రయే. రెండవ ప్రపంచయుద్ధము నాటికి తేలిక లోహములతో ఇంజనులను పోతపోయు విద్య పెరిగెను. 1949లో అమెరికాలో మెకల్లక్ కంపెనీవారు 25 పౌనుల రంపమును, అనగా 11 కిలోలకు కొంచెము మించినదానిని, అమ్మకమునకు తెచ్చిరి. 1950లో స్టీల్ ఒక్కడే పట్టగల 16 కిలోల రంపమును చేసెను. 1959లో దానిని 12 కిలోలకు తెచ్చెను. ఎటు వంచినను, తలక్రిందు చేసినను ఇంజనుకు పెట్రోలు అందునట్లు చేసిన కార్బురేటరు ఇందులకు తోడ్పడెను. నేడు 35 సీసీ ఇంజను గల చిన్న రంపము, పట్టీయు గొలుసును లేక, 4 కిలోలకు అటునిటుగ తూగుచున్నది.

కాని బరువు తగ్గుటకు లోహము మాత్రమే కారణము కాదు. ఒక పురుగు కూడ కారణము. 1946లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అను అడవిపనివాడు కట్టెలు కొట్టుచు, ఒక మొద్దును తొలుచుచున్న పెంకుపురుగు పిల్లను చూచెను. అది తన రెండు దవుడలను ఎడమకొకసారి, కుడికొకసారి ఆడించుచు, కొయ్య పోగు వెంబడిని, పోగుకడ్డముగను ఒకే తీరున కోసికొనిపోవుచుండెను. అప్పటి గొలుసుల పళ్ళు చేతిరంపమును అనుకరించి కొయ్యను గీరెడివి, త్వరగా మొద్దుబారెడివి, పదును పెట్టుట ఒక దినపు పని. కాక్స్ ఆ పురుగు దవుడను చూచి, కొడవలివలె వంగిన పళ్ళను ఎడమకొకటి కుడికొకటిగ గొలుసుకు కూర్చెను. 1947లో వాటిని అమ్మసాగెను. నేడు లోకమంతట నడుచు గొలుసులు ఆ పురుగు సంతతియే. గీరుటకు బదులు చెక్కు పన్నుకు తక్కువ బలము చాలును. తక్కువ బలమునకు చిన్న ఇంజను చాలును. మన కొబ్బరి రైతునకు మ్రానును లోపల తొలుచు ఎర్రముక్కు పురుగు శత్రువు. దానివంటి పురుగే వేరొకచోట గురువైనది!

తేలికదనముతో పాటు భద్రతయు వచ్చెను. పూర్వపు రంపములను పట్టి ఏండ్లతరబడి పనిచేసిన అడవిపనివారి వ్రేళ్ళు అదరుపాటుచేత తెల్లబడి, తిమ్మిరెక్కి, చలిదినములలో గుండీ పెట్టుకొనుటకును పనికిరాక పోయెడివి. 1960వ దశకమున పిడులకును ఇంజనుకును నడుమ రబ్బరు దిమ్మెలు పెట్టి అదరును తగ్గించిరి. 1973లో స్వీడనుకు చెందిన హుస్క్‌వార్నా కంపెనీవారు గొలుసును క్షణములో ఆపు బ్రేకును తెచ్చిరి. ఆ బ్రేకు ఎందులకో తెలియని వాడు ఈ యంత్రమును ముట్టరాదు. పట్టీ కొనయందలి పైభాగము ఏ కొమ్మకైన తగిలెనా, రంపము ఎగిరి పట్టినవాని ముఖము మీదికి, భుజము మీదికి వచ్చును. దీనిని ఎదురుతన్ను అందము. రెప్పపాటు కంటె తక్కువ కాలములో జరుగు పని. చేతిబలము దానికి చాలదు.

ఇప్పుడు తాత మాట నాకెట్లు బోధపడినదో చెప్పవలెను. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. అంతకు కొలది నెలలముందు దివిసీమలోని మా పూర్వుల గ్రామమున చందా వేసికొని ఒక రంపమును కొనదలచిరి. నన్ను సలహా యడిగిరి. పట్టణవాసిని, నాలుగక్షరములు చదివినవాడను. అడిగినదే తడవుగ "పెద్దది కొనుడు" అంటిని. అంగడివాడును అదే చెప్పెను. 58 సీసీ ఇంజను, 22 అంగుళముల పట్టీ, పెట్రోలు పోసిన పిదప 7 కిలోలు మించిన బరువు. తుపాను మరునాడు మా అన్నగారి కుమారుడు, ఇరువదిరెండేండ్లవాడు, మోకాటిలోతు బురదలో నిలిచి ఆ రంపముతో పడిన తుమ్మ కొమ్మలను కోయసాగెను. ఆ కొమ్మలు పిడికిలి లావుకంటె పెద్దవి కావు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమన నిదియే. గంట గడచుసరికి చేతులు వణకెనట. పొడవైన పట్టీ కొన క్రిందికి వ్రాలి, ఆకులలో కనబడని కొమ్మకు తగిలి ఎగిరెను. బ్రేకు పడెను గాని గొలుసు తొడను తాకి ఆగెను. బ్రదికెను. కుడికాలు మాత్రము నేటికిని కొంచెము ఈడ్చి నడచును. యంత్రము చెడ్డది కాదు, వాడు అజాగ్రత్తగలవాడును కాడు. ఆ పనికి ఆ రంపము తగదు, అంతే. ఆ ఎంపిక నాది.

అటుపిమ్మట నేను ఈ విషయమును కొంత శ్రద్ధతో చదివితిని, అడిగితిని, అడితులలో నిలిచి చూచితిని. రంపమును కొనువాడు మొట్టమొదట అంగడికి పోరాదు. తన త్రోవ వెంబడి నడచి చెట్లను చూడవలెను. మన డెల్టాలో కొబ్బరి మ్రాను అడ్డకొలత సామాన్యముగ ఒక అడుగు. తాడి మొదట లావుగనుండినను పైకి పోయినకొలది ఒక అడుగునకు కొంచెము మించి నిలుచును. సరుగుడు తొడలావు. తుమ్మ కొమ్మలు, వేప కొమ్మలు అంతకంటె సన్నములు. వీటి కన్నిటికిని 14 లేక 16 అంగుళముల పట్టీ, 35 మొదలు 40 సీసీల ఇంజను చాలును. కోయవలసిన మ్రానుకంటె పట్టీ రెండంగుళములు పొడవైన చాలును. అంతకు మించిన పొడవు చేతికి భారము, కొనకు ప్రమాదము. అరుదుగ వచ్చు లావుపాటి మొదలును ఇరువైపులనుండి కోయవచ్చును. ఏడాదికొక దినము వచ్చు పనికై ప్రతిదినము మోయు బరువును పెంచుకొనుట తెలివి కాదు.

కొయ్య గట్టిదనమును గూర్చి యొక మాట. తుమ్మకు చేవ లోపల నుండును. తాటికిని కొబ్బరికిని చేవ వెలుపల నుండును, లోపల మెత్తని గుజ్జు. కావున తాటిమ్రానును కోయునపుడు మొదటి రెండంగుళములే కష్టము. పదునైన గొలుసు వలయును గాని పెద్ద ఇంజను కాదు. ఆ పీచు మాత్రము గొలుసు తిరుగు పండ్లచక్రమున చుట్టుకొని వేడెక్కించును, దానిని మాటిమాటికి తీసివేయవలెను. సరుగుడు గట్టికొయ్యయే యైనను సన్నము గనుక చిన్న రంపమునకు లొంగును. ఉప్పెన నీటిలో నానిన చెట్టు బెరడునిండ ఇసుక యుండును. అది గొలుసుకు శత్రువు. కోయుచోట బెరడును కత్తితో గీరి పారవేసి పిదప రంపమును పెట్టినవాని గొలుసు పూటంత నడచును. లేనివానిది పది నిమిషములలో మొద్దుబారును. మొద్దుబారిన గొలుసును పట్టుకొని, రంపము చిన్నదగుటచేత తెగుటలేదని పెద్దదానికై పరుగెత్తువారిని నేను చూచితిని. వారికి వలసినది చిన్న గుండ్రని ఆకురాయి, ఒక పావుగంట ఓపిక. పొట్టుకు బదులు పొడి రాలినచో గొలుసు మొద్దుబారెనని గుర్తు.

పడిన చెట్టు వేరు, పడగొట్టిన చెట్టు వేరు. గాలికి పడినది వింటివలె వంగియుండును. ఎచ్చట బిగిసియున్నదో, ఎచ్చట నొక్కుకొనియున్నదో చూడక కోసినచో పట్టీని పట్టివేయును, లేదా చీలి మీదికి వచ్చును. వ్రేళ్ళతో లేచిన మ్రానును మొదట కోయగనే, వేరు గడ్డ బరువుకు మొద్దు తిరిగి నిలుచున్న సందర్భములు గలవు. ఆ గుంటలో పిల్లలు ఆడుకొనుచుండ కోయరాదు. కొమ్మలలో తెగిన కరెంటు తీగ చిక్కియున్నదేమో విద్యుత్తువారు చూచి చెప్పువరకు చేయి వేయరాదు. ఇట్టిచోట్ల తేలిక రంపముయొక్క గుణము కనబడును. నొక్కుకొనిన వైపున కొంచెము కోసి, తీసి, రెండవవైపునకు పోయి, మరల ఆగి చూచుటకు చేతిలో బలము మిగిలియుండవలెను. అలసినవాడు ఆగి చూడడు, తొందరగ ముగింపజూచును.

బ్యాటరీ రంపములు నేడు చాలమంది మెచ్చుకొనుచున్నారు. తేలికలు, చప్పుడు తక్కువ, త్రాడు లాగి త్రిప్పవలసిన పనిలేదు, పొగ లేదు. తోటలో మట్టలు, కొమ్మలు కోసికొనువానికి నేను వానినే చెప్పుదును. కాని తుపానునాడు కరెంటు పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు అంతటి నగరమునకే దినములతరబడి విద్యుత్తు లేదు. పల్లె సంగతి చెప్పనేల? బ్యాటరీ నిండియున్నంత సేపే ఆ రంపము పనిచేయును. పెట్రోలు రంపమునకును చిక్కు లేకపోలేదు: కరెంటు లేనిదే బంకులో పంపు నడవదు, ఏబది పాళ్ళ పెట్రోలులో ఒక పాలు టూటీ నూనె కలుపవలెను, కలిపినది నెలలతరబడి నిలువయుంచిన చెడును. రెండు లీటరుల పెట్రోలు, నూనెయు ముందుగ తెచ్చి విడివిడిగ మూతబెట్టి యుంచుకొనిన గ్రామము ఆ దినము గడుపుకొనును.

అయితే చిన్న రంపమే సర్వమునకు చాలునని నేననుటలేదు. రోడ్డునకడ్డముగ మూడడుగుల లావు నిద్రగన్నేరు పడినచో దానితో పోరాడరాదు. అచ్చటికి 70 సీసీల రంపములు, తాళ్ళు, క్రేనులు, శిక్షణపొందిన మనుష్యులు రావలెను. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము ఇట్టి పనికే యున్నది. దాని పదియవ బెటాలియను కృష్ణా జిల్లాలోని కొండపావులూరునందే కలదు. వారు వచ్చుదాక గ్రామస్థుడు చేయవలసినది కొమ్మలు తొలగించి, మనిషియు సైకిలును దూరు సందు చేయుట. ఆ సందు చాలమందిని బ్రదికించును. దానికి చిన్న రంపము సరిపోవును.

ఇంకొక ఆక్షేపణ. రంపము తేలికయైనకొలది చెట్టు నరకుట సులువగును గదా యని ఒక మిత్రుడు నన్ను నిలదీసెను. నిజమే. 1977 తరువాత తీరము వెంబడి సరుగుడు తోపులను పెంచినది గాలిని ఆపుటకు. సొర్లగొంది, నాచుగుంటల మడ అడవులు కెరటమునకడ్డు నిలుచునవి, 1989 నుండి అభయారణ్యములో చేరినవి. వాటి దరికి రంపము పోరాదు. నిలిచియున్న చెట్టును కొట్టుటకు 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కావలెను. నేను చెప్పునది పడిన చెట్టును గూర్చి. కాని మిత్రుని మాట నాకు మరపురాలేదు, అందుచేత మా గ్రామపు రంపము ఒకరి యింట నుండదు; దాని గొలుసును, పట్టీని ఒకరు, ఇంజనును మరియొకరు దాచుదురు.

అవును, మా గ్రామము మరల రంపమును కొనెను. పెద్దదానిని అమ్మి 16 అంగుళముల పట్టీ గలదానిని తెచ్చుకొనిరి. ఈమారు నన్ను అడుగలేదు. ప్రతి సంవత్సరము ఆశ్వయుజము రాకముందే మా అన్నగారి కుమారుడు దానిని విప్పి, ఆకురాయితో పన్నుకు మూడేసి దోపులు వేసి, చమురు పోసి, రెండు నిమిషములు త్రిప్పి చూచి పెట్టుచున్నాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల ప్రక్కన తీరము దాటెను. రెండు దినములకు నేనా యూరు చేరుసరికి చెరువుగట్టున పడిన వేపను వాడును మరియొకడును కోసి, పాలబండి పోవుటకు త్రోవ చేయుచుండిరి. కాళ్ళకు మందపు తొడుగులు, కన్నులకు అద్దములు. ఒకడు కోయును, ఒకడు చూచును. పది నిమిషములకొకసారి మారుదురు. పని ముగిసిన పిదప వాడు ఇంజనునాపి, రంపమును నాకందించి, "బాబాయిగారూ, ఒకసారి పట్టి చూడండి" అనెను. ఒంటిచేత పట్టి ఎత్తితిని. చేయి వణకలేదు.